ఆపా చెప్పిన సమ్మె

మా ఆపా మొన్న పొద్దున పోయింది. దవాఖానాలో, ఇన్నేళ్లూ తాను ఊడ్చిన వార్డులోనే పోయింది. అప్పటికి ఆ వార్డు ఊడ్చి లేదు. మేం సమ్మెలో ఉన్నాం.

మెదక్‌లో మీరెవరైనా ఆ దవాఖానాలో పడుకుని ఉంటే ఆమెను చూసే ఉంటారు. మా స్వీపర్లందరిలో పెద్దది. ఆపా, అంటే అక్కా, అనే పిలిచేవాళ్లం. ఊడుస్తూ ఊడుస్తూ మంచాల కింది చెప్పులు జతచేసి, ముక్కులు వాకిలి వైపు తిప్పి పెట్టేది. "గిట్ల పెడితే జల్ది ఇంటికి పోతరు బిడ్డా," అనేది. నర్సులు నవ్వినా పట్టించుకునేది కాదు.

ఈ సమ్మె నా కోసమే. చెత్తలో సూది గుచ్చుకుంటే గ్లౌజులు ఇప్పించమని అడిగాను. కాంట్రాక్టర్ నన్ను పనిలోంచి తీసేశాడు. నాకు వేరే ఆధారం లేదు. గేటు దగ్గర కూలబడి ఏడుస్తుంటే ఆపా వచ్చింది. "ఊకో. నిన్ను తీసుకునేదాంక మేం సుత చీపురు ముట్టం," అంది.

మర్నాడు కొందరు ఇంట్లోనే ఉండిపోయారు. ఆపా ఇల్లిల్లూ తిరిగి కేకలేసింది. "బంద్ అంటే ఊరు మూసుడు. సెలవంటే ఇంట్ల పండుడు. సమ్మె గట్ల కాదు. డ్యూటీ టైముకు రావాలె, యూనిఫాం కట్టుకోవాలె, గేటు ముంగట కూసోవాలె. మన చేతులు మనమే ఆపుకోవాలె. మనం చేసే పనేందో అప్పుడు కండ్లవడ్తది."

టెంట్ వేశాం. చీపుళ్లన్నీ ఒక్క కట్టగా కట్టి పక్కన పెట్టాం. కాసేపటికి చూస్తే ఆపా అందులోంచి ఒకటి లాగి టెంట్ కింద ఊడ్చేస్తోంది! పకపకా నవ్వాం. నాలుక కరుచుకుని మళ్లీ కట్టలో దూర్చింది. "చేతులకింకా సమ్మె ఎరుకలేదే," అంది.

జ్వరంతోనే ఎండలో కూర్చుంది. ఒకరోజు కూర్చున్నచోటే పడిపోతే లోపలికి మోసుకెళ్లాం. మంచం కింద రక్తపు దూది, ఎంగిలి కప్పులు, ఈగలు. చూడలేక చీపురు కోసం లేచాను. నా చెయ్యి పట్టుకుంది.

"ముట్టకు. నువ్వు ఊడిస్తే నేనెందుకు కూసున్నట్టు?"

"నాకు పని వద్దు ఆపా. నువ్వుంటే సాలు," అని ఏడ్చాను. ఆపా నా చెయ్యి వదల్లేదు. ఆమె చెప్పులు మాత్రం వాకిలి వైపు తిప్పి పెట్టాను. దానికి అడ్డు చెప్పలేదు.

ఇప్పుడు నాకేం తోచడం లేదు. రేపటినుంచి కొత్తవాళ్లను పెట్టుకుంటానని కాంట్రాక్టర్ కబురు పంపాడు. సగంమంది చీపుళ్లు విప్పుకుని లోపలికి పోయారు. వాళ్లను తిట్టలేను, వాళ్ల పొయ్యీ వెలగాలి కదా. పోదామన్నా నాకు పని లేదు. భయమేస్తోంది. ఇంత భయం నేనెన్నడూ ఎరగను.

ఆపా చెప్పులు మంచం కిందే ఉండిపోతే తెచ్చుకున్నాను. ఈ పొద్దున డ్యూటీ టైముకు యూనిఫాం చీర కట్టుకుని వచ్చి, టెంట్‌లో ఆమె కూర్చునే చోట వాటిని జతగా పెట్టాను. ముక్కులు దవాఖానా గేటు వైపు తిప్పి పెట్టాను.