అట్టపెట్టె మీది నంబరు

గాలి ఎక్కువగా వీచే రోజుల్లో, బంగారు గనులు వదిలిన సైనైడు దిబ్బల దుమ్ము కిటికీ సందుల్లోంచి వచ్చి ల్యాప్‌టాప్ మీటల మీద పరుచుకుంటుంది. ఈ ఉదయం వేళ్ల కింద ఆ గరుకు తగలగానే మునిరత్నం గారు గుర్తుకు వచ్చారు. మీటల మధ్య చేరిన దుమ్మును ఆయన పాత షేవింగు బ్రష్‌తో దులిపేవారు. ముప్పై ఒక్క సంవత్సరాలు గనిలో పీల్చిన రాతిదుమ్ము మాత్రం ఆయన ఊపిరితిత్తులను వదలలేదు.

నేను గని టైమాఫీసులో హాజరు రాసే గుమాస్తాగా ఉండేవాడిని. ఆయన పని భూగర్భంలో. మనుషులను పైకి చేర్చే కేజ్ దగ్గర నిలబడి, ఎక్కినవారిని లెక్కపెట్టి గంట కొట్టేవారు. గనులు మూతపడిన తరువాత బంగారుపేట మీదుగా రోజూ రైల్లో బెంగళూరు వెళ్లి, ఒక దుకాణంలో కంప్యూటరు మరమ్మత్తు నేర్చుకున్నారు. ఇతరులు పారవేసిన యంత్రాలలో, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్‌ను ఎక్కించి, గని కార్మికులుండే కోరమండల్ లైను ఇళ్లవారికి ఇచ్చేవారు. యాభై రెండవ ఏట నేను ఆయనకు శిష్యుడినయ్యాను. ప్రతి యంత్రం వివరాలను నోటుబుక్కులో గళ్లు గీసి రాసుకునేవాడిని. అది చూసి ఆయన నవ్వేవారు: "మీ టైమాఫీసోళ్లకు మనిషి ఎదురుగా నిలబడినా చాలదు సీనప్పా, రిజిస్టర్లో ఉంటేనే వచ్చినట్టు."

ఆయన మంచం పట్టిన ఏడాది, బెంగళూరు వైద్యుడొకరు గురువారం పదకొండు గంటలకు వీడియోలో చూసి, ఆసుపత్రిలో చేర్చుకోవాలో లేదో చెబుతానన్నారు. వీడియో సరిగా రావాలని ముందురోజే ఆయన ల్యాప్‌టాప్‌లో లినక్స్ కొత్త వెర్షన్ ఎక్కించాను. తెల్లవారి చూస్తే వైర్‌లెస్ కార్డు పనిచేయడం లేదు. దాన్ని నడిపే డ్రైవరు ప్రోగ్రామును ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోవాలి. ఆ ఇంటర్నెట్‌కు దారి ఆ కార్డే. సిగ్నల్ నాలుగిళ్ల అవతలి నుంచి వచ్చేది, తీగ అందదు. మా ఫోన్లు మాటలకు మాత్రమే పనికొచ్చేవి. నా నోటుబుక్కులో కార్డు మోడల్ నంబరు ఉంది. ల్యాప్‌టాప్ వచ్చిన అట్టపెట్టె మీద చూసి రాసుకున్నదే. పెన్‌డ్రైవు తీసుకొని ఊరిగాం ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి, ఆ నంబరుకు తగిన డ్రైవరు తెచ్చేసరికి తొమ్మిదీ యాభై. కార్డులో చలనం లేదు. అదే డ్రైవరును మూడుసార్లు ఎక్కించాను.

మంచం మీద నుంచి ఆయన అడిగారు, రెండు మాటలకొకసారి ఆగుతూ.

"ఆ నంబరు యాడిది?"

"పెట్టె మీదిదన్నా. రాసి పెట్టినాను."

"కాగితంలో పదారు మంది ఉండారని నేను గంట కొట్టినానా ఎప్పుడైనా? కేజ్‌లో తలకాయలు లెక్క పెట్టినాకే గదప్పా. లోపలుండే కార్డునే అడుగు."

అడగడానికి ఒక్క ఆదేశం చాలు. అది నేర్పింది ఆయనే. టైపు చేశాను. తెర మీద వచ్చిన నంబరు వేరు. ఆ కార్డును ఎవరో ఎప్పుడో మార్చారు. మళ్లీ ఊరిగాం వెళ్లాను. సెంటరులో కుర్చీ ఖాళీ అయ్యేదాకా నిలబడ్డాను. పదకొండూ నలభైకి కార్డు దీపం వెలిగింది. వైద్యుడు అప్పటికే వెళ్లిపోయారు. వచ్చే గురువారం చూస్తారని ఆయన సహాయకుడు చెప్పాడు.

మునిరత్నం గారు నన్ను, లినక్స్ వాడేవారు ఒకరి చిక్కు ఒకరు విప్పుకునే పేజీ తెరిచి, రెండు నంబర్లూ రాయమన్నారు. నేను సరైన నంబరు, సరైన డ్రైవరు మాత్రమే రాసి వినిపించాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"తప్పు కూడా రాయి. నీ మాదిరే పెట్టె చూసి ఇంగొకడు మోసపోతాడు."

రాశాను. ఆ గురువారం రాకముందే, మంగళవారం ఉదయం ఆయన కన్నుమూశారు.

ఎవరు ఏ యంత్రం తెచ్చినా, దాని మీది చీటీ చదివే ముందు లోపలి భాగాన్ని అడిగి చూడడం ఆనాటి నుంచి నాకు అలవాటైంది. ఆ మొదటి గురువారమే వైద్యుడు చూసి ఉంటే ఆయన బతికేవారా అనేదానికి నా దగ్గర లెక్క లేదు. నలభై నిమిషాలు నావల్ల పోయాయనడానికి మాత్రం ఉంది. ఆ పేజీలో నేను రాసినదాని కింద ఇప్పటికి పదిహేడు మంది కృతజ్ఞతలు తెలిపారు. మీ తప్పు చదివి మా పని అరగంటలో ముగిసిందని ఒకరు రాశారు. ఆ పదిహేడింటికీ నేను ఇంతవరకు జవాబు ఇవ్వలేదు.