గ్లాసు కింద గుడ్డలు

మొన్న ఒక చుట్టాలింటికి వెళితే, టీ కప్పు కింద నూలుతో అల్లిన చిన్న చదరం పెట్టారు. కోస్టర్ అంటారట. టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా దాన్ని తిరగేసి, అంచు గట్టిగా ఉందో లేదో లాగి చూశాను. ఇంటావిడ నావైపు వింతగా చూసింది. ఏం చేయను, మా మేనత్త పుణ్యమా అని నాకు అబ్బిన గుణం అది.

అత్త అంటే నాయనకు అక్క. ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంట పుట్టి, మగ్గం ఉన్న ఇంటికే కోడలిగా వెళ్లింది. పిల్లలు లేరు. మామ పోయాక కూడా పట్టుచీరలు నేస్తూనే ఉండేది. మోకాళ్లు అరిగిపోయి, ఇక కాళ్లు దించి తొక్కే మగ్గం గుంతలో కూర్చోవద్దని డాక్టరు చెప్పేసరికి, అప్పటికే అనంతపురంలో నా దగ్గర ఉంటున్న నాయన వెళ్లి ఆమెను తీసుకొచ్చాడు. వచ్చిందే గానీ, ఆ చేతులకు ఊరుకోవడం తెలియదు. చెనక్కాయలు ఒలిచేది, నేను మడిచిన బట్టలు విప్పి మళ్లీ మడిచేది. "ఊరికే కూచోని తినేదానికి నేనేమన్నా గుళ్లో దేవున్నా?" అని గొణిగేది. చూడలేక రెండు అల్లిక సూదులు, లావాటి నూలు ఉండలు తెచ్చి, గ్లాసుల కింద పెట్టే చదరాలు అల్లమన్నాను. నేను మొదలుపెట్టి చూపిస్తుంటేనే "చాల్లే, తెలిసింది పో" అని తరిమేసింది. అయ్యేదాకా ఎవరూ చూడకూడదని సంచిలో దాచుకుని అల్లింది. ఆ మనిషి ముఖంలో మళ్లీ కళ వచ్చింది.

శ్రావణమాసం పేరంటానికి గ్లాసుల కింద ఆ చదరాలు ఆమే స్వయంగా పరిచింది. ఎర్రవి, పచ్చవి, ముచ్చటగా ఉన్నాయి. పక్కింటి టీచరమ్మ మజ్జిగ గ్లాసు ఎత్తగానే ఆమె గాజుకు ఒక పోగు తగులుకుంది. పాపం, తెంపితే బాగుండదని ఆవిడ మర్యాదగా లాగుతూ పోయింది. పోగు వస్తూనే ఉంది. కాసేపటికి చదరం లేదు, టీచరమ్మ ఒడి నిండా నూలు ఉంది. పేరంటాళ్లంతా విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. అత్త మాత్రం నవ్వలేదు.

జరిగిందేమిటంటే, మగ్గం మీద నిలువుగా సాగదీసిన ఒకే పడుగుకు వరసగా చీరలు నేసి, తర్వాత ఒక్కొక్కటీ కత్తిరించి తీస్తారు. అత్త కూడా చదరాలన్నిటినీ తలపాగా గుడ్డలాగా ఒకే పొడుగున అల్లి, ఆ పొద్దున కత్తెరతో ముక్కలు చేసింది. నేత గుడ్డ అయితే నిలిచేది. ఇది అల్లిక, చివర ముడేసి మూయకపోతే నిలవదు.

సాయంత్రం చూస్తే ఆమె చీరలు సంచిలో సర్దుకుంటోంది. "ఈడ నా చేతులకు పనిల్యా. నన్ను ధర్మవరం బస్సెక్కించు" అంది. వెళితే మళ్లీ గుంతలో దిగుతుందని, ఆ మోకాళ్లు ఇక లేవవని నాకూ నాయనకూ తెలుసు. నాయన ఊడిపోయిన నూలంతా ఏరి, చిక్కు తీసి, ఉండ చుట్టి ఆమె ఒళ్లో పెట్టాడు.

"మగ్గం మీద పోగు తెగితే ఎప్పుడన్నా ఇడిసిపెట్టి పోయినావా అక్కా?"

"అది నాకొచ్చిన పనిరా."

"ఇదీ వస్తాది. నువ్వు పెండ్లయి పోయినప్పుడు నాకు నిక్కరు ఏసుకునేది గూడా రాదు. ఇన్నేండ్లకు మళ్లా నా కాడికొచ్చినావు. ఇంగ పోవాకు."

 అత్త కళ్లు తుడుచుకుని నావైపు తిరిగింది. "చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్ల అడుగుతాండా. చివర ఎట్ల మూస్తారో చెప్పు."

ఆమె మరి ధర్మవరం ప్రయాణం మాటెత్తలేదు. అత్త అల్లడం, నాయన పక్కన కూర్చుని ఉండ వదులు చేస్తూ ఆమె చేత తిట్లు తినడం, మా వసారాలో ఏళ్ల తరబడి సాగింది. ఇప్పుడు ఇద్దరూ లేరు. చిన్నతనంలో పెళ్లి పేరుతో విడదీసిన అక్కాతమ్ముళ్లను ముసలితనంలో ఒకే చాప మీద కూర్చోబెట్టింది కాలం. అంత దయ అది అందరికీ చూపదు.