సొంత నెత్తురుతో కాలు మాన్పుకున్న నా కొడుకు శ్రీశైలం

నిన్న పొద్దున గుట్ట మీద కొబ్బరికాయ కొట్టి, ఆ తడి చేతులతోనే ఫోన్ ఎత్తాను.

"అత్తమ్మా, ఆయన లేస్తలేడు" అంది పద్మ. నా కోడలు.

నిద్ర లేస్తలేడేమో అనుకున్నాను. "మొకం మీద నీళ్లు సల్లు బిడ్డా" అన్నాను.

అవతల ఒకటే ఏడుపు. ఇంకెవరో ఫోన్ తీసుకుని, గుండె ఆగిందని చెప్పారు.

నా కొడుకు శ్రీశైలం పోయాడు.

యాదగిరిగుట్టకు నేను ఎందుకు పోయానో తెలుసా? వాడి కాలు మానితే వస్తానని మొక్కుకున్నాను. కాలు మానింది. మొక్కు తీర్చాను. గుట్ట దిగకముందే కొడుకు లేడు.

నర్సింహస్వామీ, నిన్ను ఏమనాలె.

మీరంతా మెసేజులు పెడుతున్నారు. ఒక్కొక్కరికి జవాబు ఇచ్చే ఓపిక లేదు. నాకు చదువు తక్కువ. ఫోన్‌లో మైకు బొమ్మ నొక్కి చెప్తున్నాను, మనుమరాలు తప్పులు దిద్దుతోంది.

మాది నారాయణపేట. మగ్గం ఇల్లు. నేను నూలు కండెలు చుడతాను, వాడు చీర నేస్తాడు.

నేసేవాడు.

వాడికి షుగర్. అరికాలికి స్పర్శ పోయింది. మగ్గం గుంటలో కాలితో తొక్కే చెక్కకు మేకు లేచి గుచ్చుకుంటే తెలియనే లేదు. పద్మ నెత్తురు చూసి అరిచేదాకా నేస్తూనే ఉన్నాడు.

ఆ గాయం పుండైంది. ఎన్ని కట్లు కట్టినా మానలేదు. ఒక డాక్టర్ సగం పాదం తీసేయాలన్నాడు.

నేతగాడికి చేతులెంతో కాళ్లూ అంతే. ఆ రోజు వాడు అన్నం ముట్టలేదు.

"అమ్మా, నేను పోతే రెండు కాళ్లతోనే పోత. గీ కాలైతే కొయ్యనియ్య" అన్నాడు.

మహబూబ్‌నగర్‌లో ఇంకో దవాఖానకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ కాలికి రక్తం బాగానే పారుతోందని చూసింది. చచ్చిన కండ తీసి పుండు కడిగింది. "ఆయన రక్తం కొంచెం తీసి, దాంతోనే పుండు మానుతదేమో ఒకసారి చూద్దాం. అందరికీ పనిచేస్తదని మాట ఇయ్యలేను" అంది.

నేను అడ్డం పడ్డాను. "ఆనికే రక్తం లేకపాయె. మల్ల తీసుడేందమ్మా? నాది తీసుకోండ్రి."

"నీది పనికిరాదమ్మా. ఆయనదే కావాలె."

"కన్నతల్లిది పనికిరాదా?"

మంచం మీద పండుకున్నోడు నవ్వాడు. "నా ఒంట్ల ఉన్నది నీదే గదనే. ఇంకెన్నిసార్లు ఇస్తవ్?"

డాక్టరమ్మ కూడా నవ్వింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

చేతి నుంచి కొంచెం రక్తం తీసి, గొట్టంలో పోసి, మిషన్‌లో గిరగిరా తిప్పారు. అచ్చం నా రాట్నం లెక్కనే. ఆగాక చూస్తే ఎరుపంతా అడుగుకు దిగింది, పైన పసుపుపచ్చని నీళ్లు తేరాయి. గాయాన్ని మాన్పే గుణం ఆ పసుపు నీళ్లలోనే ఉంటుందట. అది జెల్లీలాగా గడ్డకట్టాక పుండు మీద పరిచి కట్టు కట్టారు.

అట్లా వారం వారం బస్సు ఎక్కాం. ఒకసారి అమాస పడింది. అమాసకు మా ఇండ్లల్లో మగ్గం ఆడదు, మంచి పని మొదలుపెట్టం. "ఇయ్యాల ఒద్దురా" అన్నాను.

"మగ్గం లేక నాకు దినాం అమాసనేనాయె. పా పోదాం" అన్నాడు.

మెల్లమెల్లగా పుండు అంచుల నుంచి లేత తోలు వచ్చింది. చివరికి మూసుకుంది.

"ఈ కాలితో ఒట్టిగ నడవొద్దు. మెత్తని చెప్పు ఉండాల్సిందే" అంది డాక్టరమ్మ.

అక్కడ వచ్చింది చిక్కు. మగ్గం గుంటలోకి మేం చెప్పులతో దిగం. దేవుని అర్రలోకి చెప్పులతో పోతామా? వాడు ఆ చెప్పులు ఒడ్డున విడిచి, గుంటలోకి చూసుకుంటూ కూర్చున్నాడు. దిగితే కాలికి ముప్పు. దిగకుంటే నేత లేదు.

వాడు నేసిన చీర ముక్క ఒకటి బీరువాలో ఉంటే తీశాను. నడుమ స్పాంజి పెట్టి కాలికి తొడుగు కుట్టాను. డాక్టరమ్మకు చూపిస్తే, కుట్లు లోపల ఒత్తుకోవద్దని, రోజూ అరికాలు చూసుకోవాలని చెప్పి సరే అంది.

"ఇది చెప్పు గాదురా, బట్ట. మగ్గం కన్న బట్ట. మగ్గానికి కోపమెందుకొస్తది?" అన్నాను.

వాడు తొడుక్కుని దిగాడు. "పద్మా, సూడు! మా అమ్మ నా కాలికి సీర కట్టింది!"

మళ్లీ మగ్గం ఆడింది. ఆ చప్పుడు విని నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

ఇంత చేసి కాలును గెలుచుకున్నాం. గుండె సంగతి మాకు తట్టనే లేదు. షుగర్ ఉన్నోళ్లకు నొప్పి లేకుండా కూడా గుండెపోటు వస్తుందట. నిన్న చెప్పారు. మీ ఇండ్లల్లో ఎవరికైనా షుగర్ ఉంటే గుండె కూడా చూపించండి, మీ కాళ్లు మొక్కుతాను.

నిన్న సాయంత్రం స్నానం పోసి, కాళ్లకు పసుపు రాశారు. ఆ అరికాలు నా ఒళ్లో పెట్టుకుని చూశాను.

చిన్న మచ్చ. అంతే.

రెండు కాళ్లతోనే పోతానన్నాడు. అట్లనే పోయాడు.

మగ్గం దగ్గరున్న తొడుగు తెచ్చి వాడి కాలికి తొడిగాను. "పోయినోనికి గా తొడుగెందుకక్కా?" అన్నారెవరో.

"తొడగనీయుండ్రి" అంది పద్మ.

సగం నేసిన చీర మగ్గం మీదనే ఉంది.

షుగర్ లేని చోట, సూదులు లేని చోట నిమ్మళంగా ఉండు బిడ్డా.

మెల్లగా నడువు కొడుకా. ఆ కాలు ఇప్పుడిప్పుడే మానింది.