రూతమ్మ గారి బల్ల మీద రెండో అర్జీ

ప్రింటరులోంచి అప్పుడే వచ్చిన కాగితం వెచ్చగా చేతికి తగిలినప్పుడల్లా నాకు రూతమ్మ గారు గుర్తొస్తారు. కోర్టు ఎదుట రేకుల పందిట్లో ఆమె అర్జీలు టైపు చేసేవారు. ఎంత చిన్న కాగితమైనా మొదటి నుంచి చివరిదాకా బిగ్గరగా చదివి వినిపించాకే సంతకానికి పెన్ను ఇచ్చేవారు. వెనక పదిమంది నిలబడి గొణిగినా సరే, "తొందరైతే పక్క పందిట్లోకి పోండి" అనేవారు.

నా అర్జీ కూడా ఆమే టైపు చేశారు. అప్పట్లో నేను అల్లూరు దగ్గర రొయ్యల గుంటల మీద పనిచేసేదాన్ని. గుంటల యజమాని కొడుకు చర్చిలో పెళ్లి చేసుకుంటానని నమ్మించాడు. పాప పుట్టాక నేనెవరో తెలియదన్నాడు. పాపకు తండ్రి అతనేనని తేల్చి, పోషణ ఖర్చులు ఇప్పించమని కోర్టుకెక్కాను. మూడో వాయిదా నాడు వరండాలో అతని తల్లి అందరూ వినేలా, "దుడ్డు కోసరం బిడ్డను అడ్డం పెట్టుకునింది, చూడండి" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల సొమ్ము ముట్టకూడదనుకుని, అర్జీ వాపసు తీసుకుంటున్నట్టు టైపు చెయ్యమని నేరుగా రూతమ్మ గారి దగ్గరికి వెళ్లాను.

"నేనది టైపు కొట్టను. ఇంటికి పోయి, కడుపునిండా తిని పడుకో. రేపూ ఇదే మాటంటే అప్పుడు చూద్దాం," అన్నారు.

"అంత మాట పడినాక నాకు రోషం ఉండదా అక్కా?"

"ఉండాది. రోషం నీదమ్మే. కూడు బిడ్డది."

"పెళ్లే చేసుకోని మనిషి, మీకేం తెలుసు బిడ్డ సంగతి?" అనేశాను. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుని, నా వెనక మనిషిని రమ్మన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అక్కణ్ణించి అవతలి ప్లీడరు గుమాస్తా దగ్గరికి వెళితే, వాపసు కాగితం సిద్ధంగానే ఉంది. చదవకుండా సంతకం పెట్టాను. ఇష్టపూర్వకంగానేనా అని జడ్జిగారు అడిగితే తలెత్తి అవునన్నాను. ఏదో గెలిచినట్టు వచ్చి, దాని నకలు రూతమ్మ గారి బల్ల మీద పడేశాను. ఆమె అలవాటు ప్రకారం చదవడం మొదలుపెట్టారు. మూడో వాక్యంలో ఉంది అసలు సంగతి. ఈ బిడ్డకు ప్రతివాది తండ్రి కాడట, నేను దురుద్దేశంతో కేసు వేశానట. పాప నా చంకలోనే ఉంది. అక్కడే కూలబడి ఏడ్చాను.

"ఏడ్చింది చాల్లే, గమ్మునుండు," అన్నారు రూతమ్మ గారు. "నువ్వు వాపసు తీసుకునింది నీ అర్జీ. బిడ్డ ఇంకా అర్జీ వెయ్యనే లేదు. దాని పేరు సరిగ్గా చెప్పు."

ఈసారి అర్జీదారు పాప. తల్లిగా, సంరక్షకురాలిగా నేను సంతకం పెట్టాలి. ఆమె చదివాక నాచేత మళ్లీ చదివించి, అప్పుడు పెన్ను ఇచ్చారు.

బోనెక్కిన రోజు అవతలి ప్లీడరు ఆ పాత కాగితం నా ముందు ఆడించాడు. "ఈ సంతకం నీదేనా?"

"నాదే."

"అంటే ఇందులో రాసిందంతా నిజమేగా?"

వెనక బల్ల మీద రూతమ్మ గారు కూర్చుని ఉన్నారు. నేను ఆమె వైపు చూడలేదు. "సంతకం నాది, అబద్ధం మీది. చదవకుండా పెట్టింది నా తప్పే. ఆ తప్పుకి నన్నేమన్నా అనండి సార్, నా బిడ్డనెందుకు పస్తు పెడతారు?" అన్నాను.

జడ్జిగారు డీఎన్ఏ పరీక్ష చేయించమన్నారు. తండ్రి అతనేనని తేలిన రోజు వాళ్లమ్మ వరండాలో కనిపించలేదు.

తర్వాత రూతమ్మ గారే నాకు టైపు నేర్పి, తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆమె పోయాక ఆ బల్ల నాదైంది. రోషం తగ్గిందా అని ఎవరైనా అడిగితే లేదనే చెబుతాను. ఎందుకు తగ్గాలి? ఇప్పుడు మాట పడితే అప్పట్లా అర్జీ వదులుకుని లేచిపోను. కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుని, కాగితం మొదటి నుంచి చదువుతాను.