మావారండీ

మా పిన్ని పోయింది. బుధవారం పొద్దున్నే పాలకొల్లు నుంచి అమ్మ ఫోన్ చేసి, ఆ ఒక్క మాటే చెప్పి పెట్టేసింది. నాకు ముందు ఏడుపు రాలేదు. బాబాయి సంగతి తేలకుండానే పోయిందే అనిపించింది.

పిల్లలు లేని ఆ ఇద్దరికీ నేనే కూతుర్ని. వాళ్లింట్లోనే ఉండి డిగ్రీ చదివాను. బాబాయి ఆఫ్రికాలో ఒక సిమెంటు కంపెనీకి జనరల్ మేనేజరు. మూడేళ్ల కిందట ఆయన ఫ్యాక్టరీకి వెళుతుంటే, మిలిటెంట్లు కారు ఆపి ఎత్తుకుపోయారు.

పిన్ని ఏనాడూ భర్త పేరు పలికిన మనిషి కాదు. క్షీరారామం గుళ్లో అర్చనకు గోత్రం తనే చెప్పేది, పేరు దగ్గరికి రాగానే నా మోచెయ్యి గిల్లేది. నేను కావాలని నోరు మూసుకుంటే, "చెప్పవే తల్లీ, పూజారిగారు చూస్తున్నారు" అని బతిమాలేది. బయటికొచ్చి ఎంత నవ్వుకునేవాళ్లమో!

కంపెనీ ఆఫీసరుగారు ఇంటికొచ్చి చెప్పారు. "వాళ్లు మీకే ఫోన్ చేస్తారండి. వాళ్ల దగ్గర చాలామంది ఉన్నారు, ఎవరు కావాలని అడుగుతారు. వెంటనే సారు పేరు చెప్పి, గొంతు వినిపించమనండి."

పేరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, పిన్నిని చదవమన్నాను. "పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందంటారే. ఇలాంటప్పుడా నాచేత చెప్పిస్తావు? నువ్వున్నావుగా, నువ్వు చెప్పు" అంది. సరేనన్నాను. పన్నెండు రోజులు పిన్ని ఫోన్ పక్కనే కూర్చున్నాను. పదమూడో రోజు పిన్ని బీపీ మాత్రలు అయిపోతే మందుల షాపుకి వెళ్లాను. పది నిమిషాలు.

తిరిగొచ్చేసరికి పిన్ని రెండు చేతులా ఫోన్ పట్టుకుని కూర్చుంది.

"నేమ్, నేమ్ అన్నాడే. మావారండీ అన్నాను. మావారండీ, మావారండీ అంటూనే ఉన్నాను. పెట్టేశాడు."

ఆ నంబరు మళ్లీ కలవలేదు. కంపెనీకీ ఏ కబురూ రాలేదు. పిన్ని నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆనాటి నుంచి పిన్ని నోట బాబాయి పేరే. బియ్యం కడుగుతూ, బట్టలు ఆరేస్తూ పైకే అనేది. ఫోన్ మోగిందంటే, గ్యాసు వాళ్లయినా బ్యాంకు వాళ్లయినా, ముందు ఇంటిపేరుతో సహా ఆయన పేరు చెప్పేది. వద్దు పిన్నీ అంటే, "మళ్లీ అడిగితే తడబడకూడదు కదే" అనేది.

బుధవారం మధ్యాహ్నం నేను పాలకొల్లు చేరి, పిన్నికి స్నానం చేయించాక, పక్కింటావిడ మెల్లగా అడిగింది. "బొట్టు పెట్టాలాండి, వద్దాండి?"

అమ్మ కుంకుమ భరిణె నా చేతిలో పెట్టింది. పెట్టాను.

మంచం పక్కన పిన్ని ఫోన్ ఇంకా ఛార్జింగులోనే ఉంది, సౌండు నిండుగా పెట్టి. తియ్యబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"తీసుకెళ్లేదాకా ఉండనియ్యవే."