బాపు చేసిన మెత్తటి తూటాలు

నా చిన్నప్పుడు మేము బహ్రెయిన్‌లోని జిదాఫ్స్‌లో, కూరగాయల దుకాణాల వెనక సందులో, ఒక పాత మేడ మీది వాటాలో ఉండేవాళ్ళం. మా బాపు పటాలంలో తుపాకులు బాగుచేసే పని చేసి రిటైరైనవాడు. జగిత్యాల దగ్గరి మా ఊళ్ళో అందరూ ఆయన దుబాయి పోయిండనే చెప్పుకునేవారు. దుబాయి కాదు, బహ్రెయిన్ అని మా అమ్మ ఎన్ని ఉత్తరాల్లో రాసినా లాభం లేకపోయింది. ఎడారి వైపున్న ఒక షూటింగ్ క్లబ్బులో ఆయన ఉద్యోగం. తుపాకులు తుడవడం, పాడైనవి సరిచేయడం, సభ్యులు సాధనకు వాడే తూటాలు చేత్తో నింపడం ఆయన పనులు. అట్లాగని తుపాకుల మీద ఆయనకు మోజేమీ లేదు. మా అమ్మ కత్తిపీటను ఎంత మామూలుగా చూసేదో ఆయన పిస్తోలును అంత మామూలుగా చూసేవాడు.

మా పక్క వాటాలో నిజామాబాదు నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడను నేను ఆపా అనేదాన్ని. మా బాపు పనిచేసే క్లబ్బులోనే ఆమె చాయ్ పోసేది, ఆడవాళ్ళ గదులు ఊడ్చేది. ఆమె భర్త ట్రెయిలర్ డ్రైవరు. సామాను దించుతుంటే ఒక పెట్టె జారి నడుము మీద పడింది. మనిషి మంచం దిగలేకపోయాడు. వీసా ఈసారి పొడిగించేది లేదు, ఖలాస్, ఇంటికి పొమ్మని అతని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, చెప్పేశాడు. ఇంటికి పోతే వైద్యం ఎవరు చేయిస్తారు, అందరి కడుపు ఎవరు నింపుతారు? వాళ్ళ బుడ్డోడిని రోజంతా చంకనేసుకుని తిరిగేదాన్ని నేనే కాబట్టి, వాడిని పంపించేస్తారన్న మాట వింటేనే నాకు ఏడుపొచ్చేది.

అప్పుడే క్లబ్బులో ఆడవాళ్ళకు వేరుగా సాధన మొదలుపెట్టారు. వాళ్ళ పక్కన నిలబడి చూపించడానికి ఒక ఆడమనిషి కావాలి. ఆ పని దొరికితే క్లబ్బే ఆమె పేరున వీసా ఇస్తుంది, ఇంటిల్లిపాదీ ఇక్కడే ఉండిపోవచ్చు. మేనేజరు మంచివాడు, ఆపా చురుకుదనం చూసి నువ్వే ప్రయత్నించు అన్నాడు. కాకపోతే ముందు ఒక పరీక్ష ఉంటుంది. క్లబ్బు పిస్తోలుతో, క్లబ్బు తూటాలతో గురి చూసి కొట్టి పాసు మార్కులు తెచ్చుకోవాలి. దానికి నెల కూడా లేదు.

కోచ్ ఆమె చేతికి పిస్తోలిచ్చి మొదటిసారి పేల్పించినప్పుడు అది తన్నిన తన్నుకు ఆమె రెండడుగులు వెనక్కి పోయింది. చిన్న మనిషి, సన్నటి మణికట్టు. ఆ తర్వాత ఆమె పరిస్థితి ఎట్లా తయారైందంటే, తుపాకీ తన్నక ముందే కళ్ళు మూసుకునేది, తన్నక ముందే చెయ్యి కిందికి పడిపోయేది. తూటాలన్నీ పోయి ఇసుకలో దిగేవి. శుక్రవారాలు బాపుతో పాటు నన్నూ క్లబ్బుకు పోనిచ్చేవారు. చప్పుడు వినపడకుండా చెవులకు పెద్ద పెద్ద డిప్పలు తగిలించుకుని అద్దం వెనక కూర్చుని ఆమెను చూసేదాన్ని. ఎంత జాలేసేదో చెప్పలేను.

ఆమెకు మెత్తటి తూటాలు చేస్తానని బాపు మేనేజరును అడిగి ఒప్పించాడు. తూటాలో నింపే మందు అంతా ఒకటే అనుకునేదాన్ని నేను. కాదట. భగ్గున మండి అయిపోయేది ఒక రకం, నిదానంగా మండుతూ తోసుకుపోయేది ఇంకో రకం. నిదానంగా మండేది ఎక్కువ పోయాలి, ఆ బరువంతా గాలిగా మారి బయటికి తన్నుకొస్తుంది కనుక చేతికి దెబ్బా ఎక్కువే. అందుకని బాపు త్వరగా మండే రకం ఎంచుకుని కొంచెమే పోశాడు. అంత తక్కువ పోస్తే తూటా సగం ఖాళీగా కనిపిస్తుంది. పొరపాటున అందులోనే రెండోసారి పోసినా తెలియదు, తుపాకీ చేతిలోనే పగులుతుంది. అందుకే సీసపు గుండు బిగించే ముందు ప్రతి తూటాలోకీ టార్చి వేసి చూసేవాడు. ఆ సమయంలో ఎవరైనా పలకరిస్తే చేసినవన్నీ పక్కన పెట్టేసి మళ్ళీ మొదటి నుంచి చూసేవాడు. అందుకని క్లబ్బులో ఆయన తూటాలు నింపే గదిలోకి మా అమ్మ పంపిన అన్నం డబ్బా కూడా పోయేది కాదు.

మొదటి పెట్టె తయారైంది. ఆపా పేల్చింది. చప్పుడు చిన్నగా వచ్చింది, చేతికి దెబ్బే తెలియలేదు. మేమందరం సంబరపడుతుండగానే రెండోది పేలనని మొరాయించింది. చూస్తే, కాల్చిన తూటా డొల్ల పిస్తోలు పైభాగంలోనే ఇరుక్కుని ఉంది. దాన్ని లాగేసి ఇంకోటి పేల్చితే మళ్ళీ అంతే.

"నా నసీబే గిట్లుంటది చాచా," అంది ఆపా. "కొడితే నేను ఓర్వ, కొట్టకుంటే తుపాకి నడవది."

"నసీబు గాదు బిడ్డా, నా లెక్క తప్పింది," అన్నాడు బాపు. ఇది తన తన్నుతో తానే నడిచే పిస్తోలని చెప్పాడు. పేలినప్పుడు వెనక్కి కొట్టే ఆ దెబ్బే దాని పైభాగాన్ని వెనక్కి నెట్టి, కాల్చిన డొల్లను బయటికి విసిరి, కొత్త తూటాను పైకి తెస్తుంది. దెబ్బ బొత్తిగా లేకుండా చేస్తే పిస్తోలు పనే ఆగిపోతుంది. పిస్తోలు నడవడానికి ఎంత కావాలో అంత ఉంచి, మిగతాది తీసేస్తానన్నాడు.

రెండో పెట్టె కుదిరింది. తన్నింది గానీ మెల్లగా, ఎవరో భుజం తట్టినట్టు. ఆ రోజు ఆపా మొట్టమొదటిసారి కళ్ళు తెరిచి పేల్చింది. కాగితానికి చిల్లు పడింది, మధ్యలో కాదు, అంచున. ఆ కాగితాన్నే మడిచి కొంగులో పెట్టుకుని ఇంటికి తెచ్చి భర్తకు చూపించింది. అప్పటి నుంచి బాపు రోజుకో పెట్టె తెచ్చేవాడు. "ఇయ్యాల ఇంకింత తగ్గిచ్చిన బిడ్డా, నిమ్మళంగ కొట్టు," అనేవాడు. ఆమె నిమ్మళంగా కొట్టేది. చిల్లులు రోజురోజుకూ లోపలికి జరుగుతూ వచ్చాయి. బాపు ఇంకెంత తగ్గిస్తాడో, మళ్ళీ తుపాకీ మొరాయిస్తుందేమోనని నాకు ఒకటే బెంగ. అడిగితే నీకెందుకు, చదువుకో పో అనేవాడు.

పరీక్ష రోజు రానే వచ్చింది. మేనేజరు స్టోరు గదిలోంచి అందరూ వాడే మామూలు తూటాల పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. పరీక్షకు ఇవే అని ఆపాకు మొదటి నుంచీ తెలుసు. అయినా కళ్ళ ముందు పెట్టేసరికి ఆమె బల్ల దగ్గరి నుంచి జరిగిపోయింది. బాపు దగ్గరికి వచ్చి, నాతోని కాదు చాచా, వాపసు పోదాం అంది.

అప్పుడు చెప్పాడు బాపు. "గియి కొత్తయి కావు బిడ్డా. పోయిన జుమ్మా నుంచి నువ్వు కొడుతున్నయి గివ్వే. మొదలు తగ్గిచ్చిన మాట నిజమే. నీ కండ్లు తెరుసుకున్నంక రోజింత కలుపుకుంట వచ్చిన."

ఆమె నమ్మలేదు. నమ్ముతుందా? ఇన్ని రోజులూ తగ్గించానని చెప్పిన మనిషి ఇప్పుడు పెంచానంటే, ధైర్యం కోసం అబద్ధమాడుతున్నాడనే ఎవరైనా అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను. నాకు బాపు మీద కోపం కూడా వచ్చింది. పని పోతుంది, వీసా పోతుంది, బుడ్డోడు పోతాడు, ఈయన చివరి నిమిషంలో కథలు చెబుతున్నాడని.

బాపు వాదించలేదు. మార్కులు లెక్కపెట్టక ముందు చెయ్యి కుదురుకోవడానికి కొన్ని తూటాలు ఊరికే పేల్చనిస్తారు. "నన్ను నమ్మకు. ఒకటి కొట్టు. నీ చెయ్యే చెప్తది," అన్నాడు.

ఆపా వెళ్ళి నిలబడింది. ఒకటి పేల్చింది. పేల్చి, పిస్తోలు బల్ల మీద పెట్టి, తన కుడిచేతిని ఇటూ అటూ తిప్పి చూసుకుంది. నిన్నటి దెబ్బే. మొన్నటి దెబ్బే. ఆ చేతికి అలవాటైన దెబ్బే. ఇంక వెనక్కి తిరిగి మమ్మల్ని చూడలేదు. తూటాలన్నీ అయ్యేదాకా అట్లాగే నిలబడి కొట్టింది.

పాసైంది. గొప్ప మార్కులేమీ కావు, సరిపడా వచ్చాయి. మేనేజరు అక్కడే కాగితం మీద సంతకం చేశాడు. అందరం క్లబ్బు వ్యానులో ఇంటికి వచ్చాం. మేడ మెట్ల దగ్గర దిగాక ఆపా, "ఇంకోపారి నాకు అబద్ధం చెప్పకు చాచా," అని, ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది. బాపు మాత్రం, పైన నీ పెనిమిటి ఎదురుచూస్తుండు, పో బిడ్డా పో అన్నాడు.

అబద్ధం తప్పు కదా అని తర్వాత నేను ఆయన్ని నిలదీశాను. మొదలు నిజంగా తగ్గిచ్చిన కదా, గా తగ్గిచ్చుడు లేకుంటే నాది వట్టి మోసమే అయితుండె అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు సగమే అర్థమైంది. భయపడుతున్నవాళ్ళకు భయం లేదని చెబితే సరిపోదని, ముందు మన చేత్తో దాన్ని కొంత తగ్గించి చూపించాలని, ఆ తర్వాతే వాళ్ళకు తెలియకుండా మనం పక్కకు తప్పుకోవచ్చని మిగతా సగం మెల్లమెల్లగా తెలిసింది.

నేను ఇప్పుడు బహ్రెయిన్‌లోనే అరాద్‌లో ఉంటాను. జుట్టు నెరిసింది, మోకాళ్ళు మాట వినవు, అయినా ఆడవాళ్ళకు కారు నేర్పుతూనే ఉన్నాను. నేర్పే కారులో నా వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నీ కాలు బ్రేకు మీదే ఉంది కదా అక్కా అని స్టీరింగు పట్టుకున్న ప్రతి అమ్మాయీ అడుగుతుంది. ఉంది బిడ్డా అంటాను, మొదటి రోజుల్లో నిజంగానే ఉంటుంది. తర్వాత ఎప్పుడు తీస్తానో చెప్పను. పరీక్షకు ముందురోజు మాత్రం చెప్పేస్తాను, ఇన్ని రోజులుగా గలాలీ రోడ్డంతా నువ్వొక్కదానివే నడిపావని. ఎవరూ నమ్మరు. నమ్మమని నేనూ అడగను. నా పాడు మోకాళ్ళను తిట్టుకుంటూ కాళ్ళు రెండూ పైకి మడిచి, సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఇంకొక్క చుట్టు పోనియ్యి అంటాను.