బ్యాటరీ మీద రాసిన నాలుగు గంటలు

మార్కర్ పెన్నుల మీద నాకొక ఫిర్యాదు ఉంది. బోర్డు మీద రాస్తే పీరియడ్ అయ్యేలోపే వెలిసిపోతాయి. చొక్కాకు అంటితే మాత్రం చొక్కా చిరిగేదాకా పోవు.

మదనపల్లెలో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. తీరిక వేళల్లో దేశ ఇంధన భద్రతను కొలుస్తుంటాను. బయటి నుంచి ఎంత చమురు తెచ్చుకుంటున్నాం, బొగ్గు ఎన్ని రోజులకు సరిపోతుంది, కరెంటు ఎంతసేపు పోతోంది, అన్నీ కలిపి ఏడాదికొక మార్కు వేసి పోయినేడాది మార్కు పక్కన పెట్టడం. దేశం నన్నేమీ అడగలేదు.

మా అక్కది పుంగనూరు. ఊపిరితిత్తులు పాడై ఆక్సిజన్ మిషన్ మీద బతికేది. మిషన్ కరెంటు మీద బతికేది. అందుకని నేనే ఇన్వర్టర్ కొనిచ్చి, మెయిన్ ఆపి, గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మిషన్ నాలుగు గంటలు నడిచింది. బ్యాటరీ మీద మార్కరుతో ‘నాలుగు గంటలు’ అని రాశాను. పరిశోధన చేసేవాడి చేతిరాత కదా, ఇంట్లో అందరూ నమ్మారు.

వెళ్లినప్పుడల్లా అక్క అడిగేది.

“ఈయేడు మీ దేశం పాసయిందా?”

“పోయినేటి మీద మేలేనక్కా.”

“ఈడ పొద్దన్నుంచి మూడుసార్లు పాయె కరెంటు. దాన్ని యాడ రాస్తాండావు?”

“సగటులో కలిసిపోతుందిలే.”

“నన్నూ కలిపేస్తావేమో, సూసుకో.”

నవ్వితే ఆమెకు ఆయాసం. అయినా నవ్వేది.

మూడేళ్లు గడిచాయి. మొన్న వానాకాలంలో ఒక మధ్యాహ్నం కుప్పంలో ఏదో సదస్సులో, గీత పైకి పోతున్న నా చార్టు చూపిస్తున్నాను. అదే వేళకు పుంగనూరులో కరెంటు పోయింది. మందులకు మదనపల్లె బయలుదేరిన బావ గుమ్మంలోనే ఆగాడట. “నాలుగు గంటలు ఉండాది గదా, పోయిరా” అందట అక్క. ఆయన బ్యాటరీ మీది రాత ఒకసారి చూసుకుని వెళ్లాడు. రెండున్నర గంటల్లో తిరిగొచ్చాడు కూడా. పాతబడ్డ బ్యాటరీ గంటకే ఆగిపోయింది. ఆయన వచ్చేసరికే అక్క లేదు.

కుప్పంలో నాకు చప్పట్లు కొట్టారు.

కర్మలు అయ్యాక, స్పిరిట్ తడిపిన గుడ్డతో ఆ రాతను తుడుస్తూ కూర్చున్నాను. పోలేదు. బావ వచ్చి నా వెనక నిలబడ్డాడు.

“దేశాన్ని ఏటేటా కొలుస్తాండావు గదప్పా. మీ యక్క బ్యాటరీని ఒక్కసారే కొలిస్తివి.”